గెలిచినవాళ్లకు బుడ్డోడు

చిన్నకోడలు కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. చీకటి గది, ఒక కుర్చీ, ఎదురుగా గోడ మీద వెలిగే అక్షరాల పలక. కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కు మీద చట్రం పెట్టి, అందులో ఒక బిళ్ల తీసి ఇంకో బిళ్ల వేస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా అడగడమే ఆమె ఉద్యోగం. ఆ కుర్చీలో కూర్చుని నిజం చెప్పేవాళ్లు తక్కువని ఆమెకు చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. కనిపించకపోయినా కనిపించిందంటారు. కొందరు తలుపు బయట బల్ల మీద కూర్చుని, లోపల ముందువాడు చదువుతున్నది చెవులు రిక్కించి విని, బట్టీపట్టి మరీ వస్తారు. తప్పు అద్దాలతో తిరిగేది తామేనన్న ఆలోచన ఉండదు. పరీక్ష తప్పామనిపించుకోకూడదు, అంతే. అందువల్ల మనుషులంటే ఆమెకు పెద్ద గౌరవం మిగల్లేదు. పైకి మాత్రం చిరునవ్వే. దుకాణంలో నేర్చుకున్న ఆ చిరునవ్వును ఇంట్లో కూడా వాడేది. అక్కడ ఇంకా ఎక్కువ అవసరం పడేది.

ఆమె తండ్రి మునిసిపాలిటీ ఈతకొలనులో పనిచేసేవాడు. నీళ్లలో మందు కలపడం, పైన తేలే ఆకులు వలతో తీయడం, సాయంత్రం తాళం వేయడం. కూతురు బడి వదలగానే అక్కడికే వచ్చేది. ఆడవాళ్లకు కేటాయించిన వేళలో నీళ్లలోకి దూకితే, గోడ గడియారం చూసి తండ్రి గేటు దగ్గర తాళాల గుత్తి ఆడించేదాకా పైకి వచ్చేది కాదు. కొలను ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీళ్ల కిందనుంచే వెళ్లగలిగేది. పెళ్లయ్యాక ఆమె ఈదింది లేదు. ఎవరూ వద్దనలేదు. కుదరలేదు, అంతే. సముద్రాన్నయితే బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప అందులో కాలు పెట్టి ఎరగదు. కాబట్టి వేసవి సెలవుల్లో కుటుంబమంతా సముద్రతీరానికి వెళ్తోందని తెలిసినప్పుడు ఆమెకు ఒకే ఒక్క కోరిక పుట్టింది. ఒక గంటసేపు, చంకలో ఎవరూ లేకుండా, సముద్రంలో ఈదాలి.

గంట అనేది పెద్ద కోరికేమీ కాదనుకుంది. అత్తవారింటి మనుషుల్ని ఇంకా సరిగా అంచనా వేయలేదన్నమాట.

ఆ ఇంటికి పెద్ద పెదమామగారు. మామగారికి అన్న. తమ్ముడు పోయాక అధికారమంతా చేతికి వచ్చింది. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. బస్సులు పోయాయి గాని మెళ్లో విజిల్ ఉండిపోయింది. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "అందరం కలిసే." సినిమాకు అందరం కలిసే. ఫ్యాను కొనడానికి అందరం కలిసే. అత్తగారి పన్ను పీకించడానికి కూడా అందరూ కలిసే వెళ్తే, పన్ను ఎవరిదో కనుక్కోవడానికి డాక్టరుకు కొంతసేపు పట్టింది.

ఆయన తరవాత చెప్పుకోవలసింది ఆడపడుచును. స్కూల్లో ప్రధానోపాధ్యాయురాలు, ఇంట్లోనూ అందరికీ హెడ్‌మాస్టరమ్మే. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచానని చెప్పుకుంటుంది. ఆ ఒక్క చెయ్యి తన తల్లిదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ భర్త మందుల కంపెనీ ప్రతినిధి. ఫోను అడ్డం పెట్టుకుంటే తప్ప లోకాన్ని చూడలేడు. ఇంటి పైకప్పు కారినప్పుడు బకెట్టు తేకుండా వీడియో తీసిన మనిషి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బజారుకు బయలుదేరేటప్పుడు రావు, పిల్లాడి బట్టలు మార్చవలసి వస్తే వస్తాయి.

ఇక చిన్నకోడలి భర్త. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు తిరగ్గొట్టే విభాగంలో గుమాస్తా. ఎవరితోనూ కాదనకుండానే కాదని పంపే విద్య అక్కడ అబ్బింది. ఆ విద్య మొత్తం "చూద్దాంలే" అన్న ఒక్క ముక్కలో ఉంది.

వీళ్లందరి మధ్య బుడ్డోడు. చిన్నకోడలి కొడుకు, ఏడాదిన్నర వయసు. వాడికి నడక వచ్చిన నెలలో పెదమామగారు ఒక ఆట కనిపెట్టాడు. ఆదివారం సాయంత్రం హాల్లో కుర్చీలు గోడకు జరిపి అందరూ గుండ్రంగా నిలబడతారు. బుడ్డోడిని మధ్యలో దించుతారు. విజిల్ మోగగానే అందరూ చేతులు చాపి ఒక్కసారిగా పిలుస్తారు. వాడు ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లు గెలిచినట్టు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఎన్నిక. నిలబడ్డ చోటునుంచి కదలకూడదు, చేతిలో ఏదీ ఉండకూడదు అని నియమాలు. రెండోదాన్ని పాటించినవాళ్లు ఒక్కరూ లేరు. హెడ్‌మాస్టరమ్మ పిడికిట్లో బిస్కట్టు. ఆవిడ భర్త ఫోనులో గెంతే కుందేలు. అత్తగారి రుమాల్లో చాక్లెట్టు ముక్క. పెదమామగారికి విజిలే లంచం. కన్నతల్లికి మాత్రం పోటీ చేసే అర్హత లేదు. "నువ్వు కూడా నిలబడితే ఇంక పోటీ ఏముంటుందమ్మా?" అని మొదటి వారమే తేల్చేశారు.

గెలిచినవాళ్లు వాడిని ఎత్తుకుని ఓడినవాళ్ల ముఖాల ముందు ఊరేగించి, "చూశారా, పసివాళ్లకు తెలుస్తుంది ఎవరి ప్రేమ నిజమో" అనేవాళ్లు. ఓడినవాళ్లు భోజనాల వేళ దాకా ముఖం ముడుచుకుని ఉండేవాళ్లు. గెలిచినవాళ్ల పదవీకాలం వాడి లాగు తడిసేదాకా. తడిసిన మరుక్షణం వాడిని రెండు చేతులా దూరంగా పట్టుకుని, "అమ్మాయ్! ఇదిగో, నీ కొడుకు" అనేవాళ్లు. అప్పటిదాకా వాడు అందరి కొడుకు.

ప్రయాణానికి ముందు చిన్నకోడలు మెడనుంచి మోకాళ్లదాకా కప్పే నల్లటి ఈతదుస్తులు కొనుక్కుని, బుడ్డోడి బట్టల సంచి అడుగున పెట్టింది. రైల్లో తడి రుమాలు కోసం చెయ్యి పెట్టిన హెడ్‌మాస్టరమ్మ వాటిని రెండు వేళ్లతో పైకి తీసింది.

"ఇదేంటి మరదలా, వానకోటా?"

"ఈతదుస్తులు వదినా."

"ఎవరికి?"

"నాకే."

"ఓహో!" అని ఆవిడ రైలుపెట్టె మొత్తానికి వినిపించేలా నవ్వింది. "మరి నువ్వు చేపలా ఈదుతుంటే వీడినెవరు చూస్తారు?"

"మీరంతా ఉన్నారుగా వదినా."

"ఉండకేం! నా మేనల్లుణ్ణి నేను చూసుకోనా? నువ్వు సముద్రం దాటి అవతలి ఒడ్డుకు పోయినా మాకేం బాధ లేదు."

ఆ మాట పెట్టెలో అందరూ విన్నారు. చిన్నకోడలు కూడా విని, చిరునవ్వు నవ్వి, ఒక్క ముక్క నమ్మలేదు.

అద్దెకు తీసుకున్న ఇల్లు తీరానికి రెండు వీధుల ఇవతల ఉంది. పరుపులు చెమ్మ వాసన, కుళాయి తిప్పితే ఉప్పు నీళ్లు. స్నానాల గది ఒకటే, దానికి గడియ లేదు. లోపల ఒకరుంటే బయట ఇంకొకరు కాపలా కాయాలి. అక్కడ కూడా అందరం కలిసే అన్నమాట.

మొదటిరోజు పొద్దున్నే చిన్నకోడలు తయారై కూర్చుంది. అత్తగారు తిన్నాక వేసుకోవలసిన మాత్ర ఉంది కాబట్టి ముందు తినాలి. తిన్నాక మందుల అల్లుడి ఫోను ఛార్జింగు ఎక్కాలి. అది ఎక్కాక పెదమామగారు అందరినీ గేటు దగ్గర నిలబెట్టి లెక్కపెట్టాడు. తనను తాను లెక్కపెట్టుకోవడం మరిచిపోయి ఒకరు తక్కువయ్యారని మళ్లీ ఇల్లంతా వెతికించాడు. బయటపడేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. "ఈ ఎండలో పిల్లాణ్ణి తీసుకెళ్లడమేంటి, బుద్ధుందా?" అని హెడ్‌మాస్టరమ్మ కేకలేసింది. అందరూ కలిసే లోపలికి వచ్చేశారు.

సాయంత్రం ఎలాగో ఒడ్డుకు చేరి చాపలు పరిచారు. ఫొటోల్లో సముద్రం వెనకాల పడాలి కాబట్టి, అంత దూరం రైలెక్కి వచ్చిన మనుషులు సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. చీకటి పడ్డాక లేచారు. ఎవరి కాలూ తడవలేదు.

"రేపు ఒక గంట వాణ్ణి చూసుకుంటారా? నేను నీళ్లలోకి వెళ్తాను" అని ఆమె గదిలో భర్తను అడిగింది.

"చూద్దాంలే."

"చూడటానికి ఏముందండీ? గంటేగా."

"గంటా, అరగంటా అని కాదోయ్. అందరం ఉన్నాం కదా, నువ్వొక్కదానివే వెళ్తే బాగుండదు. పెదనాన్న ఏమనుకుంటాడో."

"మీ పెదనాన్న వీపు తప్ప సముద్రం వైపు ఇంకేమీ పెట్టలేదు."

"చూద్దాంలే అన్నానుగా" అని అతను గోడ వైపు తిరిగాడు. ఆమెకు ఆ వీపు మీద కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషిలో ఎంతో కొంత సరుకుండాలి.

మర్నాడు ఆమె అడగడం మానేసింది. బుడ్డోడిని చాప మీద భర్త ఒళ్లో కూర్చోబెట్టి, గబగబా నడిచి నీళ్ల దాకా వెళ్లింది. ఎత్తైన చెక్కమంచె మీద కూర్చున్న గస్తీ మనిషిని ముందురోజే అడిగి పెట్టుకుంది. రెండు జెండాల మధ్య లోతు తక్కువ, ఈదవచ్చు అన్నాడు. అల పాదాల మీదుగా పోయి, వెనక్కి వెళ్తూ మడమల కింద ఇసక లాగేసింది. ఇంకో రెండు అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి నలుగురైదుగురు ఒకే గొంతుతో అరిచారు.

"అమ్మాయ్! వీడు ఇసక తింటున్నాడు!"

పరుగున వచ్చి చూస్తే నిజమే, బుడ్డోడు తింటున్నాడు. చుట్టూ అంతమంది పెద్దవాళ్లు వంగి చూస్తున్నారు. భర్త పక్కకు జరిగి ఫోనులో ఏదో చదువుకుంటున్నాడు. ఆమె వేలు పెట్టి వాడి నోట్లోంచి ఇసక తీస్తుంటే మందుల అల్లుడు ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

"చూడు చెల్లెమ్మా, మొదటి పిడికిలి దగ్గర్నుంచీ తీశాను. ముద్దొస్తున్నాడు కదూ?"

"చాలా బాగా తీశారు అన్నయ్యగారూ" అందామె.

"పిల్లలంతేనమ్మా" అని అత్తగారు మోకాళ్లు రాసుకుంది. "తల్లి కనపడకపోతే ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటారు."

ఆ రోజు మిగతా భాగమంతా బుడ్డోడు ఆమె చంకలోనే ఉన్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ వాడి బుగ్గలు గిల్లిపోయారు.

ఆఖరి సాయంత్రం వచ్చింది. మర్నాడు పొద్దున్నే రైలు. ఆమె ఈసారి బట్టల కింద ఈతదుస్తులు తొడుక్కునే బయలుదేరింది. ఎందుకు తొడుక్కుందో ఆమెకే సరిగా తెలియదు. చాపలు పరిచారు, జంతికల పొట్లం తేలేదని హెడ్‌మాస్టరమ్మ సణుక్కుంటూ చిప్స్ సంచి విప్పింది. అప్పుడు పెదమామగారు ఉత్సాహంగా లేచి, చేతికర్రతో ఇసకలో పెద్ద గుండ్రం గీశాడు.

"రండి రండి, సముద్రం ఒడ్డున ఎన్నిక! ఇది రికార్డు. అల్లుడూ, వీడియో సిద్ధం చెయ్యి."

అందరూ లేచారు. మోకాళ్ల అత్తగారు అందరికంటే ముందు లేచింది. రుమాళ్లు, పిడికిళ్లు, జేబులు సర్దుకున్నారు. చిన్నకోడలు బుడ్డోడిని తీసుకువెళ్లి గుండ్రం మధ్యలో దించింది. దించి, బయటికి పోకుండా అక్కడే నిలబడింది.

"ఈసారి ఒక నియమం నేను పెడతాను పెదమామయ్యా."

"పెట్టమ్మా, పెట్టు. ప్రజాస్వామ్యం కదా!"

"గెలిచినవాళ్లు గంటసేపు వాణ్ణి చూసుకోవాలి. తడిపినా, ఏడ్చినా, ఇసక తిన్నా వాళ్లదే పూచీ. ఆ గంటా నేను నీళ్లలో ఉంటాను."

మొదట తేరుకున్నది పెదమామగారు.

"అదేంటమ్మా, నువ్వొక్కదానివే వెళ్లడమేంటి? వెళ్తే అందరం కలిసే వెళ్దాం."

"సరే, పదండి పెదమామయ్యా. ఇప్పుడే వెళ్దాం."

ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఇప్పుడంటే... అలలు ఎక్కువగా ఉన్నాయి."

"పోనీ మీరు ఒప్పుకోకపోతే ఎన్నిక వద్దులెండి. వీణ్ణి తీసుకుపోతాను. వీడి ప్రేమ ఎవరిమీదో తెలియకపోతే మనకొచ్చిన నష్టం ఏముంది?"

ఇది వాళ్లకు తగిలింది. పక్క చాపల మీది జనం అప్పటికే ఇటు తిరిగి చూస్తున్నారు. నేను గంటసేపు చూసుకోలేను అని వాళ్ల ముందు అనే దమ్ము ఒక్కరికీ లేదు. "ఓస్ అంతేనా, గంటెంతలో పోతుంది!" అని హెడ్‌మాస్టరమ్మ అంది. అంటూనే ఒక అడుగు వెనక్కి వేసి, బిస్కట్టున్న పిడికిలిని వీపు వెనక దాచుకుంది.

విజిల్ మోగింది. ఎప్పుడూ ఊదినంత గట్టిగా కాదు, పిల్లాడికి వినపడకపోతే బాగుండునన్నంత మెల్లగా.

బుడ్డోడు అలవాటు ప్రకారం నవ్వి, పోటీగా చాచిన చేతుల కోసం చుట్టూ చూశాడు. ఒక్క చెయ్యీ లేదు. ఒక్క పిలుపూ లేదు. అత్తగారు కళ్లు మూసుకుని మోకాళ్లు నొక్కుకుంటోంది. మందుల అల్లుడు ఫోను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అందులో కుందేలు లేదు. కన్నతండ్రి, ఎవరో ఫోను చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని "ఆ, చెప్పండి సార్" అంటున్నాడు. పెదమామగారు విజిల్‌ను చొక్కా లోపలికి జారవిడిచి ఆకాశంలో ఏదో పక్షిని వెతుకుతున్నాడు. వారం వారం వాడి కోసం గొంతులు చించుకున్న మనుషులు, వాడి కళ్లలో పడకుండా ఉండటానికి అంత పాట్లు పడుతున్నారు. చిన్నకోడలు వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఈ మనుషుల ముందా ఇన్నాళ్లూ తను నవ్వుతూ నిలబడింది అనుకుంది. ఆ నవ్వు మీద కూడా ఆమెకు రోత పుట్టింది.

బుడ్డోడి పెదవి వంకర తిరిగింది. ఏడుపు వచ్చేదే గాని వాడికి పని గుర్తొచ్చింది. బిస్కట్టు ఎవరి దగ్గర ఉంటుందో వాడికి తెలుసు. తప్పటడుగులు వేసుకుంటూ తిన్నగా హెడ్‌మాస్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ముందువైపు చేతులేమీ కనిపించక ఆవిడ వీపు వెనక్కి వెళ్లాడు. ఆవిడ గిర్రున తిరిగింది. వాడు మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఆవిడ మళ్లీ తిరిగింది. ఇది కొత్త ఆట అనుకుని వాడు కిలకిలా నవ్వుతూ ఆవిడ చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. స్కూలు మొత్తాన్ని కంటిచూపుతో నిలబెట్టే మనిషి ఇసకలో బొంగరంలా తిరుగుతూ, "పో! అటు పో! అమ్మమ్మ... కాదు, నానమ్మ దగ్గర చాక్లెట్టుంది పో!" అని కసిరింది. అత్తగారు ఠక్కున కళ్లు తెరిచి, "నా దగ్గరేం లేదు, అబద్ధాలాడకే!" అని రుమాలు బిగించి పట్టుకుంది.

చివరికి ఇసకలో కాలు జారి హెడ్‌మాస్టరమ్మ చతికిలబడింది. బుడ్డోడు ఆవిడ ఒళ్లోకి ఎక్కి, పిడికిలి విప్పి, నలిగిన బిస్కట్టు నోట్లో వేసుకున్నాడు.

పెదమామగారి విజిల్ చొక్కాలోంచి ఎగిరి వచ్చి ఊరు అదిరేలా మోగింది. ఆ కుటుంబ చరిత్రలో ఒకరి గెలుపుకు మిగతావాళ్లు అంత సంబరపడటం అదే మొదలు. తండ్రికి వచ్చిన ఫోను దానంతటదే ఆగిపోయింది. "అక్క గెలిచింది!" అని అతను చప్పట్లు కొట్టాడు.

"ఇది చెల్లదు!" అని ఆవిడ కిందనుంచే అరిచింది. "నేను పిలవలేదు. అసలు పిలవనే లేదు!"

"పిలవకుండా వచ్చాడు చూడు, అదీ ప్రేమంటే" అన్నాడు ఆవిడ భర్త, ఆ మాట కూడా వీడియోలో పడేలా.

"మీరు నోరు మూసుకోండి!"

చిన్నకోడలు పైబట్టలు విప్పి మడిచి సంచి మీద పెట్టింది. "వాడి పొడి బట్టలు పక్క అరలో ఉన్నాయి వదినా. నీళ్ల సీసా కూడా అందులోనే" అని చెప్పి, జెండాల మధ్యకు నడిచింది.

సముద్రం ఆమె అనుకున్నట్టు లేదు. కొలనులో నీళ్లు మనిషిని పట్టుకుంటాయి. ఇవి తోసేస్తున్నాయి. మొదటి అల మొహం మీద కొట్టి ముక్కులోంచి గొంతులోకి ఉప్పు దింపింది. రెండోది ఆమెను తిరగేసి మోకాలు ఇసకకు గీసింది. లేచి దగ్గి, ఉమ్మి, మూడోది విరగకముందే దాని కిందికి తల దూర్చింది. అవతల నీళ్లు ఎత్తుగా, నున్నగా ఉన్నాయి. చేతులకు పాత పని గుర్తుంది. ఒడ్డుకు సమాంతరంగా ఒక జెండా దాకా ఈది, తిరిగి రెండోదాని వైపు ఈదింది. ఊపిరి త్వరగా అయిపోతోంది. ఒళ్లు బరువెక్కింది. దానికి కూడా ఆమెకు విసుగే వచ్చింది, కాని ఆపలేదు.

కొంతసేపటికి ఒడ్డున భర్త కనిపించాడు. బూట్లు చేత్తో పట్టుకుని, తడి ఇసక మొదలయ్యే చోట ఆగాడు.

"ఏయ్! వచ్చేయ్! వాడు తడిపేశాడు!"

"ఎవరిని?"

"అక్కని! ఒళ్లంతా! అరుస్తోంది!"

"అయితే అక్కనే మార్చమనండి!"

"ఆవిడ పెదనాన్నకిచ్చింది. ఆయన బావకిచ్చాడు. బావ నాకివ్వబోతుంటే ఇటొచ్చాను."

"తీసుకోకుండా వచ్చారా?"

అతను వెనక్కి చూశాడు. చాపల దగ్గర బుడ్డోడు అరచేతులమధ్య వేడి గిన్నెలా ఒకరినుంచి ఒకరికి చేరుతున్నాడు. వాడికి అది కూడా బాగానే ఉన్నట్టుంది, నవ్వుతున్నాడు.

"పూర్తిగా గంటా ఉంటావా ఏంటి?" అని అతను అరిచాడు. గొంతులో అప్పటికే బతిమాలడం చేరింది.

"చూద్దాంలెండి!"

అతను ఇంకేదో అనబోయాడు. ఒక అల పలచగా పాకి వచ్చి వేళ్లను తాకింది. నిప్పు తొక్కినవాడిలా వెనక్కి గెంతి, ప్యాంటు పైకి లాక్కుంటూ చాపల వైపు నడిచాడు. పిలుస్తున్నా వినిపించనట్టు నెమ్మదిగా, అక్కడ ఎవరో ఒకరు లాగు మార్చేసి ఉంటే బాగుండునన్నట్టు నడిచాడు. ఆమె కాసేపు నీళ్లలో తేలుతూ ఆ నడక చూసింది. తరవాత అటు చూడటం దండగనిపించి, రెండో జెండా వైపు తిరిగి చేతులు వేసింది.